మూలాలు చదివావా, మూలాల లిస్టు చదివావా?

"వికీపీడియా చూడొద్దు" అని చెప్పని లెక్చరర్ లేరు, చూడని స్టూడెంటూ లేరు. చెప్పే సారు కూడా క్లాసుకొచ్చే ముందు ఓసారి అదే పేజీ తిరగేసి వస్తారని అందరికీ తెలుసు, ఎందుకండీ ఈ దొంగాట?

నా సంగతే చెప్తాను. ఫైనలియర్ ప్రాజెక్టుకి వికీ వ్యాసం ఒక్కటి చదివి, దాని కింద మూలాల్లో ఉన్న పుస్తకాల పేర్లన్నీ పేజీ నంబర్లతో సహా ఎత్తి రిపోర్టులో పెట్టేశాను. వికీ పేరు మాత్రం ఎక్కడా రానివ్వలేదు, అంత తెలివి మరి! వైవాలో మేడమ్ లైబ్రరీ నుంచి ఆ పుస్తకమే తెప్పించి బల్ల మీద పెట్టారు. "214వ పేజీ అన్నావుగా, చూపించమ్మా." తీస్తే అక్కడ పదసూచిక ఉంది. వికీలో రాసినవాళ్లు చూసింది వేరే ఎడిషన్ అట. అసలు ఎడిషన్ మారితే పేజీలు మారతాయని నాకు తట్టిందే అప్పుడు.

అలాగని వికీలో అన్నీ తప్పులే అంటే ఒప్పుకోను. 2005లో నేచర్ పత్రిక 42 సైన్సు అంశాల మీద వ్యాసాలను నిపుణులకిచ్చి చూపిస్తే వికీలో వ్యాసానికి సగటున 4 తప్పులు, బ్రిటానికా విజ్ఞాన సర్వస్వంలో 3 తేలాయి. (బ్రిటానికా వాళ్లు ఆ లెక్కే తప్పని గొడవకి దిగారు, అది వేరే కథ.) నెత్తిన పెట్టుకోమనీ అనను. 2012లో ఓ స్టూడెంట్, వికీని నమ్మొద్దని క్లాసులో విన్నాకే, ఎలక్ట్రిక్ టోస్టర్ కనిపెట్టింది తన ఫ్రెండేనని సరదాకి ఎక్కించాడు. 2022 దాకా ఎవరూ పట్టుకోలేదు, ఈలోపు పత్రికల్లో, పుస్తకాల్లో కూడా అచ్చయిపోయింది. చివరికి, టోస్టర్ కనిపెట్టినాయనదని వికీలో పెట్టిన ఫొటో ఏదో తేడాగా ఉందే అని అనుమానపడింది ఓ 15 ఏళ్ల స్కూలు పిల్లాడు!

మౌలిక పరిశోధన (ఎక్కడా అచ్చుకాని మన సొంత పరిశోధన) ఇక్కడ రాయొద్దని వికీ నియమమే ఉంది. అంటే అక్కడున్నదంతా ఎవరో ఎక్కడో ముందే రాసిందై ఉండాలి. ఆ ఎక్కడో అన్నచోటికి మనం వెళ్లాలి కదా. వెళ్లే ముందు ఆ వ్యాసానికున్న "చర్చ" పేజీ తెరవండి, ఒక్క వాక్యం కోసం జనం ఎలా కొట్టుకున్నారో కనిపిస్తుంది. అక్కడే ఉండే "చరిత్ర" నొక్కితే ఏ మాట ఏ రోజు చేరిందో తెలుస్తుంది. "ఆధారం చూపాలి" అని ఉన్నచోట ఆగండి, ఒక్కోసారి ప్రాజెక్టు టాపిక్ అక్కడే దొరుకుతుంది. ఇవన్నీ క్లాసులో ఒక్క గంటలో చూపించొచ్చు, కానీ "వద్దు" అనేస్తే అర నిమిషంలో పనైపోతుందిగా.

ఇంతకీ నాక్కావాల్సిన మాట ఆ పుస్తకంలో 187వ పేజీలో ఉంది, తర్వాత కూర్చుని వెతుక్కున్నాను. రచయిత "అయి ఉండొచ్చు" అని రాసింది వికీకొచ్చేసరికి "అయింది" అయిపోయింది. నా రిపోర్టులోనేమో "నిస్సందేహంగా" అని ఉంది.