రోడ్డు పక్కన కనిపించేది సర్పగంధి కాదు

ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడిలో సర్పగంధి అనే మందుమొక్క మాటెత్తితే, "అదెక్కడ పడితే అక్కడ ఉంటుంది కదండీ" అంటారు. కాలువ గట్టుకు తీసుకెళ్లి చూపిస్తారు కూడా. వాళ్లు చూపించేది అమెరికా ఖండం నుంచి వచ్చిన దాని దాయాది. దానికి కణుపు దగ్గర సాధారణంగా నాలుగేసి ఆకులు, చిన్నాపెద్దా కలిసి ఉంటాయి. అసలు సర్పగంధికి ఎక్కువగా మూడేసి. పూత మీద ఉంటే దీని ఎర్రటి పూకాడలే పట్టిస్తాయి. ఒడియావాళ్లు పాతాళగరుడ అనేది ఈ అసలుదాన్నే.

1952లో రిసర్పిన్ అనే బీపీ మందును ఈ వేరు నుంచే తీశారు. మందు వేరులో ఉండటమే దీని ప్రాణం మీదికి తెచ్చింది. వేరు తవ్వితే మొక్క పోయినట్టే. కాయ పండకముందే తవ్వితే విత్తనమూ పోతుంది. ఉన్న విత్తనాల్లోనూ గట్టి టెంక వల్ల మొలిచేవి తక్కువ. 1990 నుంచి దీని అంతర్జాతీయ వ్యాపారం మీద సైటిస్ (ముప్పున్న మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని అదుపుచేసే దేశాల ఒప్పందం) ఆంక్షలున్నాయి. సంతలో కొనే చేతికి అవేం తెలుస్తాయి?

నన్ను ఎక్కువ బాధపెట్టేది తవ్వకం కాదు, నీడ పోవడం. ఈ ప్రాంతంలోని మహేంద్రగిరి కొండ ఎత్తు 1,501 మీటర్లు. శిఖరం మీది గడ్డినేల దీనికి పనికిరాదు. కింది లోయల్లో, గెడ్డల (కొండవాగుల) ఒడ్డున, పెద్ద చెట్ల కింద ఆకు కుళ్లి నల్లబడ్డ తడిమట్టి కావాలి. ఆ చెట్లు కొట్టి జీడిమామిడి వేస్తే కొండ పచ్చగానే ఉంటుంది. హెక్టారుకు మించిన నేలలో పది శాతం పైన చెట్ల నీడ ఉంటే చాలు, తోటైనా సరే, కేంద్ర అటవీ సర్వేలో అడవి కిందే లెక్క. సర్పగంధికి మాత్రం అక్కడ చోటు పోయింది. ఆ పోవడం ఏ లెక్కలోనూ పడదు.

అందుకే మొక్కను మొక్కగానే లెక్కపెట్టాలి. అది ఏ గెడ్డ పక్కన ఉందో ఆ కొండల్లో తిరిగే సవర గిరిజనులకు తెలుసు. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయం మీద వాళ్లకు హక్కిచ్చింది. ఎప్పుడు తవ్వాలి, ఎన్ని వదలాలి అన్నది గ్రామసభ తేల్చాలి. వేరు ముక్క నాటినా మొక్క లేస్తుంది కాబట్టి, తవ్విన చోటే ఓ ముక్క పాతే షరతూ పెట్టొచ్చు. మహేంద్రతనయ నదికి అటు ఆంధ్ర వైపు పాతపట్నం, ఇటు ఒడిశా వైపు పర్లాకిమిడి. రెండు రాష్ట్రాల అటవీ శాఖలూ ఈ సవరలను వెంటబెట్టుకుని, వానాకాలంలో పూత ఉండగానే కలిసి ఈ లెక్క మొదలుపెట్టాలి.