ఒకే దిమ్మ మీద మూడు రంగులు: హైస్కూల్లో ముద్రణ ఎలా నేర్పాలి?

పెడనలో కలంకారీ అద్దకం చూసినవాళ్లకు ఒక సంగతి తెలిసే ఉంటుంది. కరక్కాయ నీళ్లలో తడిపి ఆరేసిన గుడ్డ మీద ముందు నల్ల గీతల అచ్చు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం కలిపి నానబెట్టిన నీళ్లే ఆ నలుపు. ఎరుపు కావాల్సిన చోట పటిక అద్దుతారు. అప్పటికది అసలు ఎరుపు కాదు. గుడ్డ ఉతికి, రంగునిచ్చే మొక్కల వేళ్లతో ఉడికించాకే అది బయటపడుతుంది. అంటే అద్దే మనిషికి రెండు మెట్ల తర్వాత ఏం జరుగుతుందో ముందే తెలిసి ఉండాలి.

మన హైస్కూల్ డ్రాయింగ్ క్లాసులో లేనిది ఇదే. చూసి గీయడం, రంగు నింపడం, తప్పు పోతే రబ్బరు. (ఆ పీరియడ్ కూడా పరీక్షలు దగ్గరపడగానే లెక్కల మాస్టారికి వెళ్లిపోతుంది, అది వేరే గొడవ.) ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు పొరల ముద్రణ, అంటే ఒక రంగు మీద మరో రంగు అద్దడం నేర్పాలని, అదీ ఒకే లినోలియం (నేలకు పరిచే, ఉలితో చెక్కడానికి వీలైన షీటు) ముక్కనే దిమ్మగా చేసి మొదలుపెట్టాలని నా వాదన.

బంతిపువ్వునే తీసుకుందాం. మొదట దిమ్మంతా పసుపు పూసి పదిహేను కాగితాల మీద అద్దాలి. తర్వాత రేకుల అంచుల్లో పసుపుగా మిగలాల్సిన చోట్లు చెక్కేసి, అదే దిమ్మకు నారింజ రంగు పూసి, అవే కాగితాల మీద మళ్లీ అద్దాలి. మళ్లీ చెక్కి చివరగా ముదురు రంగు. పిల్లలు తికమకపడేది ఇక్కడే. వేయబోయే రంగు పడాల్సిన చోటును చెక్కేస్తారు. చెక్కాల్సింది ఆ రంగు నుంచి కాపాడుకోవాల్సిన చోటు. పెడనలో నలుపు ముందు, ఇక్కడ ముదురు చివర. అక్కడ రంగు గుడ్డలోకి ఇంకుతుంది, ఇక్కడ ఒక సిరా మీద మరో సిరా కూర్చుంటుంది. ఈ తేడా ఎందుకో పిల్లల చేతే చెప్పించాలి.

రెండో రంగు మొదలయ్యాక మొదటి దిమ్మ ఇక లేనట్టే. ఇంకో కాపీ కావాలన్నా రాదు. 1950ల చివర్లో దక్షిణ ఫ్రాన్స్‌లోని వల్లోరిస్‌లో పికాసో ఈ పద్ధతితో పనిచేశాక దీనికి బాగా పేరొచ్చింది. రంగుకో దిమ్మ చెక్కిస్తే తప్పు దిద్దుకోవచ్చు కదా అని కొందరు టీచర్లు అంటారు. నిజమే. కానీ వెనక్కి తీసుకోలేమన్న ఆ కాస్త టెన్షనే పిల్లల చేత చెక్కేముందు ఆలోచింపజేస్తుంది. దిమ్మలు విడివిడిగా చెక్కడం వచ్చే ఏడాది నేర్పొచ్చు.

ప్రెస్ అక్కర్లేదు, గరిటె వెనక్కి తిప్పి రుద్దితే చాలు. రంగులు పక్కకు జరగకుండా అట్ట మీద మూలమట్టంలా రెండు పట్టీలు అంటించి, కాగితం మూలను ప్రతిసారీ అక్కడే ఆనించాలి. పీరియడ్‌కు ఒక పొర చొప్పున వేస్తే వారంలోపు సిరా ఆరుతుంది. ఉలి భయం సబబే. దిమ్మను పట్టుకున్న చెయ్యి ఎప్పుడూ ఉలి వెనకే ఉండాలి. గట్టిపడ్డ లినోను కాసేపు ఎండలో పెడితే మెత్తబడుతుంది, మన దగ్గర ఎండకేం కొదవ!

1925లో చిత్తూరు జిల్లాలో పుట్టి, రిషివ్యాలీలో, శాంతినికేతన్‌లో చదివిన ముద్రణ కళాకారుడు కృష్ణారెడ్డి గురించీ పిల్లలకు చెప్పాలి. పారిస్‌లోని అటెలియే 17 అనే ముద్రణ స్టూడియోలో ఆయన చేసిన పని దీనికి పూర్తిగా తిరగేసినది. ఒకే లోహపు రేకును వేర్వేరు లోతుల్లో చెక్కి, నూనె పాళ్లు మార్చిన సిరాలను గట్టి, మెత్తటి రోలర్లతో పూసి, అన్ని రంగులూ ఒక్క ఒత్తులో తెచ్చేవారు. స్కూల్లో అది చేయించలేం. అయినా పొర అంటే మళ్లీ మళ్లీ అద్దడమే కాదని తెలుస్తుంది.

మార్కుల దగ్గరే మనం చెడగొడతాం. అందంగా వచ్చిన ఒక్క ప్రింటు గోడకు తగిలించి మిగతావి చెత్తబుట్టలో వేస్తాం. పదిహేను కాగితాలతో మొదలుపెట్టి ఎనిమిదే దక్కించుకున్న పిల్ల, పోయిన ఏడూ ఏ పొర దగ్గర, ఎందుకు పోయాయో చూపించి చెప్పగలిగితే నేనైతే పూర్తి మార్కులు వేస్తాను.