ఒక్క నిమిషం ఆగండి, కాగితం తడిగా ఉంది

రాజమండ్రిలో పొద్దున ఆరింటికే గట్టు మీద కూర్చుంటాను, గోదావరిని నీటిరంగుల్లో వేయడానికి. 1997లో రైళ్లు ఆగిపోయిన హేవలాక్ వంతెన ఆ వెలుతురులోనే అందంగా ఉంటుంది. 300 జీఎస్ఎమ్ మందపాటి కాగితం తడిపి, ఆకాశం నుంచి నీళ్లదాకా నీలాన్ని ఒక్క ఊపులో లాగాలి. మధ్యలో చెయ్యి ఆగిందా, అక్కడ గీత కట్టేస్తుంది. ఇక పోదు. సరిగ్గా అప్పుడే భుజం మీద చెయ్యి పడుతుంది: "ఏమండీ, మా బాబు బొమ్మ గీస్తారా?" నిన్నా అంతే. స్తంభాల మధ్య తెల్లగా వదిలిన నీటి మెరుపు మీదకి నీలం పాకిపోయింది. పైన తెల్లరంగు పూసి దిద్దితే ఆ కాంతి రాదండీ. ఎంతసేపైనా నిలబడి చూడండి, నాకూ సంతోషమే. బ్రష్ కాగితం మీద ఉన్నంతసేపు మాత్రం దయచేసి కదిలించకండి.