ఎమ్మారై తీయించుకోమని ఉచిత సలహాలిచ్చే మహానుభావులకు

నిన్న సాయంత్రం మా పెరట్లో పిల్లాడి పుట్టినరోజు. పక్కింటాయన్ని కూడా పిలిచాం. న్యూయార్క్ పక్కనున్న లాంగ్ ఐలాండ్‌లో ఇల్లు కొన్నప్పటి నుంచీ మాకు పెద్దదిక్కు. ఒకప్పుడు ఇనుప దూలాలు కోసే పని చేసేవారు, 2001లో ట్విన్ టవర్స్ కూలిన చోట శిథిలాలు ఎత్తడానికి వెళ్లినవాళ్లలో ఒకరు. "మీవాడికి ఎన్నేళ్లు?" అని అడిగారు, చెప్పాను. కాసేపాగి మళ్లీ అడిగారు. మూడోసారి అడిగేసరికి మావాళ్లలో ఒకాయన, తెలుగులో, అందరికీ వినపడేలా, "ముసలాయనకి మెమరీ ఫుల్ అయినట్టుంది, ఒక ఎమ్మారై తీయించుకోమనండి" అన్నాడు. పకపకా నవ్వులు. భాష రాకపోతే మాత్రం ఆ నవ్వు ఎవరి మీదో తెలియదా? ముట్టని కేకుతో పేపరు ప్లేటు బల్ల మీద పెట్టేసి వెళ్లిపోయారు.

ముసలాయనట! ఆయనకింకా అరవై నిండలేదు. జోకు వేసిన పెద్దమనిషికి అంతకంటే ఎక్కువే ఉంటాయి, కాకపోతే జుట్టుకు రంగేస్తాడు.

ఆయనలాంటివాళ్లకు ఎమ్మారైలు తీశారండీ బాబూ, మీరు చెప్పకముందే తీశారు. ఇక్కడే స్టోనీ బ్రూక్ యూనివర్సిటీ వాళ్లు ఏళ్ల తరబడి ఈ పని మీదే ఉన్నారు. జ్ఞాపకశక్తి పరీక్షల్లో తడబడిన రెస్పాండర్లను, అంటే ఆ శిథిలాల దగ్గర పనిచేసినవాళ్లను, స్కాన్ చేస్తే మెదడు పైపొర పలచబడి ఉంది, పదేళ్లు పెద్దవాళ్ల మెదడులా ఉంది. ఆ సంఘటన తాలూకు మానసిక గాయం ఉన్నవాళ్లలోనూ అంతే, లేనివాళ్లలోనూ అంతే. కాబట్టి "అదంతా టెన్షనండీ, రోజూ ధ్యానం చేస్తే పోతుంది" అనే బ్యాచ్ దయచేసి పక్కకు జరగండి. 2024లో మరో పరిశోధన వచ్చింది, అందులో చేరినప్పుడు అరవై దాటని 5,010 మంది రెస్పాండర్లను గమనిస్తే 228 మందికి 65 రాకముందే డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు. దుమ్ములో ఎక్కువగా పనిచేసినవాళ్లకు ఎక్కువ, సరైన మాస్కు, రక్షణ దుస్తులు ఉన్నవాళ్లకు చాలా తక్కువ. అంటే మాస్కు! ఒక్క మాస్కు!

ఇంతకీ ఆ స్కాన్ ఏం చెబుతుంది? పొర ఎంత పలచబడిందో చెబుతుంది, జ్ఞాపకాలకు ఆధారమైన భాగం ఎంత కుంచించుకుపోయిందో చెబుతుంది. ఫలానా మనిషి ఫలానా ఏడాదికి భార్య పేరు మర్చిపోతాడని చెప్పదు. చెప్పినా పలచబడిన పొరను తిరిగి మందంగా చేసే మాత్ర ఏ మెడికల్ షాపులోనూ లేదు. ఇది చెబితే మా పెద్దమనిషి "అర్లీగా తెలుసుకుంటే మంచిదే కదా" అంటాడు. ఆయనకేం, ఇన్సూరెన్స్ వాడు కాదన్నా చేతి నుంచి పెట్టుకుని ఏటా ఫుల్ బాడీ స్కాన్ తీయించుకుని ఫేస్‌బుక్‌లో పెట్టుకుంటాడు. అందులో ఆయనకు మర్యాద ఎక్కడ లోపించిందో కూడా కనిపిస్తే బాగుండు.

అసలు నా మంట స్కాన్ మీద కాదు. టవర్లు కూలిన వారానికే, సెప్టెంబరు 18న, అప్పటి అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంస్థ అధినేత్రి క్రిస్టీన్ టాడ్ విట్‌మన్ గాలి పీల్చుకోవచ్చు, ప్రమాదం లేదని ప్రకటించింది. అంతకు ముందురోజే స్టాక్ మార్కెట్ తెరిచారు. తెరవకపోతే ఎలా, లోకం తలకిందులైపోదూ? డిసెంబరు దాకా ఆ కుప్పల కింద మంటలు ఆరలేదు, నలిగిన సిమెంటు, గాజు, ఆస్‌బెస్టాస్, సీసం అన్నీ అందులోనే. ఆ ప్రకటనల్లో వైట్‌హౌస్ చెయ్యి పడిందని 2003లో ఆ సంస్థ సొంత తనిఖీ అధికారే రాశారు. మేడమ్‌గారు సారీ చెప్పడానికి 2016 దాకా పట్టింది. ఈ రెస్పాండర్ల వైద్యం కోసం చట్టం 2011 జనవరిలో సంతకమైంది, వైద్యం చేసే జబ్బుల జాబితాలోకి క్యాన్సర్లు ఎక్కింది 2012లో. 2025లోనేమో ఖర్చు తగ్గిస్తామని ఆ వైద్యం చూసే ప్రభుత్వ ప్రోగ్రాం ఉద్యోగులను పీకేసి, గొడవయ్యాక మళ్లీ పెట్టుకున్నారు. "నెవర్ ఫర్గెట్" స్టిక్కర్ మాత్రం ప్రతి కారు వెనకా ఉంటుంది.

అయినా ఈ అమెరికా వాళ్లను అనడానికి నాకు నోరెలా వస్తుంది? ఇక్కడ కనీసం ఎవరు వెళ్లారో, ఎన్నాళ్లున్నారో, మాస్కు ఉందో లేదో రాసిపెట్టుకున్నారు. ఆ రికార్డు ఉంది కాబట్టే ఇరవై ఏళ్ల తర్వాత స్కాన్ చేసి పోల్చగలిగారు. మరి మన విశాఖ? 2020 మే 7, తెల్లవారకముందే ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకైంది, 12 మంది పోయారు. స్పృహ తప్పిన పిల్లల్ని భుజాన వేసుకుని పరిగెత్తినవాళ్లలో పోలీసులున్నారు, ఫైర్ వాళ్లున్నారు, పక్క వీధి కుర్రాళ్లున్నారు. మా బావ గోపాలపట్నం నుంచి తడి తువ్వాలు ముక్కుకు కట్టుకుని వెళ్లాడు. అదీ ఆయన రక్షణ పరికరం. ఆ తర్వాత టీవీ వాళ్లు బైట్ అడిగారు, లోకల్ లీడర్ ఒకాయన శాలువా కప్పి ఫొటో దిగాడు. "బాబూ, తల తిరుగుతోందా, ఏమైనా మర్చిపోతున్నావా" అని ఈ రోజుకీ ఒక్క ఆఫీసు నుంచి ఒక్క ఫోన్ రాలేదు.

ఆ పొద్దున ఊళ్లోకి వెళ్లినవాళ్ల పేర్లు ఎవరైనా రాసిపెట్టారా? ఏ ఆఫీసులో, ఏ బీరువాలో ఉందో తెలిసినవాళ్లు ఇన్‌బాక్స్‌కి రండి, మా బావ పేరు ఉందో లేదో చూసుకోవాలి. దండం పెట్టే ఎమోజీలు మాత్రం వద్దు, శాలువాతోనే సరిపోయింది.