జామీను అక్కర్లేని సంతకం

గాజువాకలో యాభై వేల చీటీకి జామీను సంతకం కావాలంటే సొంత బావమరిది కూడా ఫోనెత్తడు. అదే మనిషిని "క్రమశిక్షణ, నాయకత్వం, నిజాయతీ మూర్తీభవించిన యువకుడు" అని అమెరికా యూనివర్సిటీకి సిఫార్సు లెటర్ రాసివ్వమంటే మాత్రం, సిరిపురం జంక్షన్‌లో సిగ్నల్ పచ్చబడేలోగా సంతకం అయిపోతుంది. చీటీ ఎగ్గొడితే మన జీతంలో కోస్తారు. లెటర్ అబద్ధమైతే ఎవరి జీతంలో కోస్తారు చెప్పండి?

ఈ పుణ్యకార్యానికి విశాఖలో స్థిరపడిన పద్ధతి ఉంది. గడువు డిసెంబరు 15 అయితే అడగాల్సింది 15 సాయంత్రం. "మాస్టారూ, మేటర్ నేనే రాసేసుకున్నాను. మీరు బేగి సబ్మిట్ కొట్టేస్తే చాలు." మాస్టారు కంగారు పడనక్కర్లేదు. అమెరికా ఈస్టర్న్ టైం ప్రకారం 15 రాత్రి 11:59 అంటే మనకి 16 పొద్దున్న 10:29. టిఫిన్ చేశాక కూడా ఒకరి గుణగణాలు తీరిగ్గా ధ్రువీకరించవచ్చు.

ఫారంలో క్లాసులో ఈ విద్యార్థి స్థానమెంత అని అడుగుతారు. మొదటి 5 శాతం అని నొక్కడం ఆచారం. అరవై మంది క్లాసులో 5 శాతమంటే ముగ్గురు. ఆ మూడు కుర్చీల్లోనూ సీజన్‌కి పాతికమంది సర్దుకుంటారు.

అన్నిటికన్నా గంభీరమైన ఘట్టం ఇంకోటుంది. 1974 నాటి అమెరికా చట్టం ప్రకారం, అక్కడ చేరిన విద్యార్థికి తన ఫైలులోని సిఫార్సు లేఖను చూసే హక్కుంది. ఆ హక్కు వదులుకుంటున్నానని మనవాడు ముందే టిక్కు పెడతాడు. తన చేత్తో రాసుకున్న ఉత్తరాన్ని జన్మలో చూడనని ప్రమాణం చేస్తాడన్నమాట. ఇంతటి త్యాగం పురాణాల్లో కూడా అరుదు. ముగ్గురు మాస్టార్ల పేరుతో వెళ్లే మూడు లెటర్లూ ఒకే ల్యాప్‌టాప్‌లో పుట్టడం, మూడూ "అపార ఆనందంతో" మొదలవడం, ఫైలు ప్రాపర్టీస్‌లో రచయిత పేరు దగ్గర కుర్రాడి పేరే ఉండటం చిన్న విషయాలు.

కొందరు ఛాందసులు లేకపోలేదు. మూడు వారాల ముందే రమ్మంటారు. మార్కుల లిస్టు, ఎస్‌ఓపీ (ఎందుకు చదవాలనుకుంటున్నాడో తను రాసుకునే వ్యాసం), యూనివర్సిటీల పేర్లు, గడువు తేదీలు పట్టుకురమ్మంటారు. ఏ సబ్జెక్టు చెప్పారో, ఎన్ని సెమిస్టర్లు చూశారో రాస్తారు. విశేషణాలు పీకేసి, "ప్రాజెక్టులో సెన్సర్ రీడింగులు తేడా వస్తే, తప్పు కాలిబ్రేషన్‌లో ఉందని తనే పట్టుకున్నాడు" అని ఒక్క సంగతి పెడతారు. అది చదివినవాడు నమ్ముతాడు, నిజమే. కానీ అలా రాయాలంటే ముందు కుర్రాడెవరో తెలియాలి కదా! తెలియకపోతే "నీ గురించి గట్టిగా రాయలేను నాయనా, ల్యాబ్ మేడంని అడుగు" అని మొహమ్మీదే చెప్పేస్తారు. ఇలాంటివాళ్లకి పొగరుబోతులని పేరు రావడంలో వింతేముంది?

రుషికొండ ఐటీ కొండల మీద రిఫరల్స్ కథ, అంటే తన కంపెనీలో ఉద్యోగానికి తెలిసినవాళ్ల పేరు సూచించడం, ఇంకా సులువు. రెజ్యూమే తెరవకుండానే పోర్టల్లో ఎక్కించాలి. ఎన్నాళ్లుగా తెలుసు అన్నచోట "మూడేళ్లు" అనాలి, లింక్డిన్‌లో పరిచయమై మూడు రోజులైనా సరే. చేరినవాడు 90 రోజులు నిలబడితేనే బోనస్ అన్న కంపెనీల్లో, రిఫర్ చేసినవాడి బాధ్యత 91వ రోజున సమాప్తం.

పుచ్చుకున్నవారి బాధ్యత కూడా తక్కువదేం కాదు. సీటొచ్చిన సంగతి మాస్టారికి వాట్సాప్ స్టేటస్‌లో ఎయిర్‌పోర్టు ఫొటో చూశాకే తెలియాలి. సీటొచ్చింది అమ్మాయికైతే, మళ్లీ రెండేళ్లకి ఆవిడ నుంచి ఫోన్ రావాలి: "సార్, తమ్ముడు కూడా అప్లై చేస్తున్నాడు. నాకిచ్చిన లెటరే, పేరు మారిస్తే చాలు." పేరు మారుతుంది. మూడో పేరాలో "షి" మాత్రం అలాగే ఉండిపోతుంది.