భయంతోనే బడికి: హైస్కూలు మొదటి ఏడాదిపై ఒక వాదోపవాదం

హైస్కూల్లో కొత్తగా చేరబోయే పిల్లకు ముందు ధైర్యం నూరిపోయాలా, లేక భయం ఉన్నా సరే చిన్న చిన్న పనులు చేయిస్తూ పోవాలా? వాదిస్తున్నది ఒక అక్కా తమ్ముడూ. తమ్ముడు ఆ పిల్ల తండ్రి. అక్క హైస్కూల్లో కొత్తగా చేరినవాళ్లకు ఏళ్ల తరబడి పాఠాలు చెబుతున్న టీచరు. నా మొగ్గు అక్క వైపే. అయినా తమ్ముడి మాటల్లో కొట్టిపారేయలేనివి ఉన్నాయి, అందుకే ఆయనతోనే మొదలుపెడుతున్నాను.

తమ్ముడు: నువ్వెన్నైనా చెప్పక్కా, బెదురుతూ గడప దాటిన పిల్లకు ఏడాదంతా ఆ బెదురే మిగులుతుంది. తోటి పిల్లలు ఇట్టే పసిగడతారు. ఎవరికి నోరుంది, ఎవరికి లేదు అన్నది మొదటి వారంలోనే తేలిపోతుంది. అందుకే రోజూ చెబుతున్నా: ఎవరికీ జంకకు, తలెత్తుకుని నడువు అని.

అక్క: చెబితే ఏమంటోంది?

తమ్ముడు: "సరే నాన్నా" అంటోంది.

అక్క: అని గదిలోకెళ్లి తలుపేసుకుంటోంది కదూ? ఒరేయ్, దానికి ఇంతకుముందు ఉన్నది ఒక్క భయం, బడి భయం. ఇప్పుడు రెండోది కూడా తోడైంది: తను భయపడుతున్నట్టు నాన్నకు తెలిసిపోతుందేమోనని. భయపడొద్దని చెప్పినంత మాత్రాన పోతుందా?

తమ్ముడు: మరేం చేయమంటావు? పోనీలే తల్లీ అని ఇంట్లో కూర్చోబెట్టుకోనా?

అక్క: ఆ మాట నేనెప్పుడన్నాను? తప్పించుకున్న ప్రతిసారీ ప్రాణం హాయిగా ఉంటుంది, ఆ హాయికి అలవాటు పడితే మర్నాడు ఇంకా కష్టం. ఎగ్గొట్టనివ్వడం తప్పే. నేను చెప్పేది వేరు. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, పీటర్ అనే పసివాడికి కుందేలంటే ఉన్న భయాన్ని ఎలా పోగొట్టిందో ప్రచురించింది. వాడు ఇష్టమైనది తింటుండగా కుందేలును దూరంగా ఉంచేవారు. వాడు తట్టుకున్నంత మేరకే దాన్ని కాస్త కాస్త దగ్గరికి తెచ్చారు. చివరికి వాడే దాన్ని నిమిరాడు. వాడికి ముందు ధైర్యం వచ్చి, తర్వాత చెయ్యి చాపలేదు. చెయ్యి చాపేంత దగ్గరికి వచ్చేసరికి భయం తగ్గిపోయింది.

తమ్ముడు: కుందేలు కాబట్టి అలా కుదిరింది. హైస్కూల్లో ఉండేది కుందేళ్లు కాదుగా! నవ్వేవాళ్లుంటారు, పేర్లు పెట్టేవాళ్లుంటారు. నువ్వు మెల్లగా జరుపుతానంటే వాళ్లాగుతారా? మధ్యాహ్నం బెల్లు కొట్టగానే లంచ్ బాక్సు పట్టుకుని నిలబడుతుంది. బల్లలన్నీ నిండిపోయి ఉంటాయి, ఎవరూ జరిగి చోటివ్వరు. అప్పుడు ఏం చేస్తుంది? ఫోన్‌లో ఏదో చూస్తున్నట్టు నటించి బయటికెళ్లిపోతుంది.

(ఇది తమ్ముడు ఊహించి చెప్పింది కాదు. కొత్త బడిలో లంచ్ గంట పాఠాల గంటలకన్నా ఎక్కువ భయపెడుతుందని చాలామంది పిల్లలు చెబుతారు. అక్కడ టైమ్‌టేబుల్ ఉండదు, ఎక్కడ కూర్చోవాలో చెప్పేవారుండరు.)

అక్క: నిజమే, ఆ గంటే కష్టం. అందుకే ఆ గంటకు ముందే ఏర్పాటు కావాలి. పక్క సీటు పిల్లను పదకొండింటికే అడగాలి, "మధ్యాహ్నం నువ్వెక్కడ కూర్చుంటావు?" అని. అంతే. స్నేహం చేయమనటం లేదు, ఒక్క ప్రశ్న అడగమంటున్నాను. ఇంకో సంగతి. అందరూ తననే చూస్తున్నారని ఆ వయసులో గట్టిగా అనిపిస్తుంది. 2000లో గిలోవిచ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు ప్రచురించిన ఒక ప్రయోగం ఉంది. కాలేజీ విద్యార్థులకు, వేసుకోవడానికి సిగ్గుపడే బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి, కొంతమంది ఉన్న గదిలోకి పంపారు. దాదాపు సగం మంది గమనించి ఉంటారని తొడుక్కున్నవాళ్లు అనుకున్నారు. గమనించింది మాత్రం సుమారు పావువంతు మందే.

తమ్ముడు: పావువంతు చూశారుగా! ముప్పై మందిలో ఏడెనిమిది మంది. సిగ్గుపడే పిల్లకు ఒక్కరు చూసినా చాలు.

అక్క: అదీ నిజమే. ఆ లెక్క చెప్పి ఓదార్చలేం. అందుకే నా క్లాసులో చెప్పను, చేయిస్తాను. చెయ్యెత్తడం నేను రోజూ చూస్తుంటాను. మోచెయ్యి బల్ల మీంచి లేస్తుంది, చెవి దాకా వస్తుంది, నేను అటు చూసేసరికి జుట్టు సర్దుకున్నట్టు దిగిపోతుంది. అలాంటి పిల్లను పదిమందిలో పేరు పెట్టి లేపను. బెల్లు కొట్టాక నా టేబుల్ దగ్గరికొచ్చి ఒక్క సందేహం అడగమంటాను. అది అలవాటయ్యాక, రేపు ఏ ప్రశ్న అడగబోతానో ముందే చెప్పి పంపుతాను. మర్నాడు ఆ చెయ్యి చెవి దాటి పైకి లేస్తుంది. ఆ రోజు దాని ముఖం చూడాలి నువ్వు!

తమ్ముడు: బాగుంది. కానీ ప్రతి టీచరూ నువ్వు కాదుగా. ఆరేడు సబ్జెక్టులు, ఆరేడుగురు టీచర్లు. పేరైనా గుర్తుపెట్టుకోనివాళ్లు కూడా ఉంటారు. ఎవరూ మెట్లు కట్టివ్వని చోట సొంత గుండె ఒక్కటే దిక్కు. నేను నూరిపోసేది అందుకే.

అక్క: అక్కడికి వస్తే నీ మాటకు బలం ఉంది. మెట్లు కట్టేవాళ్లు లేకపోతే తనే కట్టుకోవాలి. కానీ కట్టుకోవడం నేర్పాలి కదరా. "తలెత్తుకో" అంటే అందులో చేయడానికి పనేముంది?

తమ్ముడు: చదువు మాటేమిటి? మొదటి ఏడాది వెనకబడితే ఇక అంతే అంటారు. ఆ దిగులు నాది.

అక్క: దిగులుపడటంలో తప్పు లేదు. షికాగో బడుల మీద 2005లో వచ్చిన అధ్యయనంలో, హైస్కూలు మొదటి ఏడాది గాడిలో ఉన్నవాళ్లు నాలుగేళ్లలో చదువు పూర్తిచేసే అవకాశం గాడి తప్పినవాళ్లకన్నా మూడున్నర రెట్లకు పైగా ఉందని తేలింది. గాడిలో ఉండటమంటే ర్యాంకులు కాదు. ఏడాదిలో రావాల్సిన క్రెడిట్లు, అంటే సబ్జెక్టు పాసైతే లెక్కలో వేసే పాయింట్లు, రావడం, ముఖ్యమైన సబ్జెక్టుల్లో ఒక సెమిస్టర్‌కు మించి తప్పకపోవడం, అంతే. దానికి తోపులాట అక్కర్లేదు. రోజూ బడికి వెళ్లడం, అర్థం కానిది ఆ వారంలోనే అడగడం, సరిపడా నిద్ర, ఈ మూడూ చాలు.

తమ్ముడు: నిద్రా! అర్ధరాత్రి దాకా మేలుకుంటుంది, పొద్దున లేపితే లేవదు.

అక్క: ఆ వయసులో నిద్ర పట్టే వేళే ఆలస్యమవుతుంది, బద్ధకం కాదు. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లకు 8 నుంచి 10 గంటలు కావాలి. హైస్కూళ్లు 8.30కు ముందు మొదలుపెట్టొద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2014లోనే చెప్పింది. బడి వేళ మన చేతిలో లేదు, పక్కలోంచి ఫోన్ తీసేయడం మన చేతిలోదే. నిద్ర చాలని పిల్లకు చిన్న మాటా పెద్దగా తగులుతుంది.

తమ్ముడు: సరే, ఇది చెప్పు. ఎవరైనా పనిగట్టుకుని దాన్ని ఏడిపిస్తే? అప్పుడూ మెల్లమెల్లగా అలవాటు పడమంటావా? నేనైతే ఎదురుతిరగమనే చెబుతాను.

అక్క: అలవాటు పడమని చచ్చినా చెప్పను. వేధింపు అనేది పిల్ల ధైర్యంతో తేలే లెక్క కాదు, పెద్దవాళ్లు దిగాల్సిన పని. కానీ పెద్దవాళ్లకు ముందు తెలియాలి కదా. ఎదురుతిరగమని నువ్వు రోజూ చెబుతున్నావు. ఎదురుతిరగలేకపోయిన రోజు అది నీకెలా చెబుతుంది? చెబితే ఓడిపోయానని ఒప్పుకున్నట్టే కదా దానికి. నువ్వు పోసే ధైర్యం దాని నోరు కట్టేస్తోంది రా. నేను ఇంతసేపు వాదిస్తోంది దీనికోసమే.

తమ్ముడు: అంటే నాన్న నమ్మకంగా ఒక్క మాట కూడా అనకూడదా? మా నాన్నకు నామీద నమ్మకముందని తెలిస్తే పిల్లలకు అదో బలం. అది నువ్వు కాదనలేవు.

అక్క: కాదనను. నీకు దానిమీద నమ్మకం ఉందని తెలియాల్సిందే. నేను నెమ్మదిగా నడిపిస్తానని, నువ్వు పరిగెత్తిస్తావని మనిద్దరం కొట్టుకుంటున్నాం కానీ, నన్ను మించి నువ్వే దాని దగ్గర రోజూ ఉంటావు. ఆ నమ్మకాన్ని ఆజ్ఞలా చెప్పకు, అంతే. "భయమేస్తోందా? ఏది ఎక్కువ భయం?" అని అడుగు. అది ఏం చెప్పినా "ఓస్ అంతేనా" అనకు.

తమ్ముడు: అడుగుతాను. మొదటి రోజు మాత్రం క్లాసు దాకా నేనే దిగబెడతా.

అక్క: దాన్నడిగావా?

తమ్ముడు: అడగాలా? తండ్రిని!

అక్క: అడుగు. వద్దంటే గేటు దగ్గరే ఆగిపో. రమ్మంటే క్లాసు దాకా వెళ్లు, నలుగురూ చూస్తారని నువ్వు సిగ్గుపడకు.

తమ్ముడు: రమ్మంటే రెండో రోజూ రమ్మంటుంది, మూడో రోజూ రమ్మంటుంది. అదీ నీ పద్ధతితో నాకున్న పేచీ.

అక్క: రెండో రోజు మెట్ల దాకా వెళ్లు. మూడో రోజు గేటు దాకా. ఆ లెక్క మొదటి రోజే దానికి చెప్పి ఉంచు.