పక్క కయ్య రైతు సంతకం

తిరుపతిలో ఉండే మనలో చాలామందికి స్వర్ణముఖి అనగానే శ్రీకాళహస్తి దగ్గరి ఇసుక మేటలే గుర్తుకొస్తాయి. ఆ నది నాయుడుపేట మీదుగా వాకాడు దాటి సముద్రంలో కలుస్తుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విడదీసినప్పుడు ఆ తీరం మన జిల్లాలోకి వచ్చింది, దానితో పాటు రొయ్యల గుంటలూ, వాటి తగాదాలూ వచ్చాయి. కొండ మీద రద్దీ గురించి రోజూ మాట్లాడుకునే మనం వాటి ఊసే ఎత్తము.

ఆ వైపు మా మేనమామకు రెండున్నర ఎకరాల మాగాణి ఉంది. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆయన నన్ను వరి కయ్యలోకి తీసుకెళ్లి, గెనిమ గట్టు మీద తేలిన తెల్లటి పొరను వేలితో గీకి నాలుక మీద పెట్టుకోమన్నాడు. ఉప్పు. పక్కనే ఉన్న రొయ్యల గుంట వైపు పది బారల మేర వరి కొనలు మాడిపోయి, దుబ్బు కట్టకుండా నిలబడి ఉంది. అవతలి చివర మాత్రం పచ్చగానే ఉంది. ఇంటికొచ్చాక మా అత్త, "బోరు నీళ్లలో కందిపప్పు ఉడకడం లేదు నాయనా, వంటకు కూడా క్యాన్ నీళ్లే కొంటున్నాం" అంది.

ఇందులో అర్థం కానిదేమీ లేదు. గుంటలో నీటి మట్టం పక్క కయ్య కన్నా ఎత్తులో ఉంటుంది. ఆ ఉప్పు నీరు నెలల తరబడి నిలిచి ఉండడంతో కట్ట అడుగు నుంచి ఊట పక్కకు దిగుతుంది. వనామీ రకం రొయ్యల పంట నాలుగు నెలల్లోపే చేతికొస్తుంది కాబట్టి ఏడాదికి రెండు పంటలు వేస్తారు, నేలకు తెరిపి దొరకదు. వానకు కొంత ఉప్పు కడుక్కుపోతుందనుకుంటే, రొయ్యలు పట్టడం అయ్యాక గుంటలోని నల్లటి అడుగు నీటిని వదిలేది కూడా రైతులు వాడుకునే కాలువలోకే. వరి నారు దశలోనూ, పూత దశలోనూ ఉప్పును అసలు తట్టుకోలేదు.

చట్టం లేదా అంటే, ఉంది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో వ్యవసాయ భూములను రొయ్యల చెరువులుగా మార్చరాదని, పులికాట్ సరస్సుకు 1000 మీటర్ల లోపు అవి ఉండరాదని స్పష్టంగా చెప్పింది. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. నేల స్వభావాన్ని బట్టి గుంటకూ సాగు భూమికీ మధ్య 50 నుంచి 100 మీటర్ల ఎడం ఉండాలని ఆ అథారిటీ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మా మామ కయ్యకూ గుంటకూ మధ్య ఉన్నది ఒక కట్ట, ఒక గెనిమ. ఆయన తాడుతో కొలిచి అర్జీ రాసుకుని ఒక కార్యాలయానికి వెళితే, ముందు మట్టి పరీక్ష చేయించుకుని రమ్మన్నారు. ఉప్పు వదిలినవాడు కాకుండా ఉప్పు తిన్నవాడు రుజువు మోయాలనడం ఎక్కడి న్యాయమో నాకైతే బోధపడలేదు. పైగా, ఆ చట్టంలో ఉన్న జైలు శిక్షను 2023 సవరణలో తీసేశారు.

రొయ్యల రైతు మీద నాకు కోపం లేదు. అతనూ నిన్నటి దాకా వరి పండించినవాడే, చాలాచోట్ల కౌలుదారే. తెల్లమచ్చ తెగులు తగిలితే వారంలో గుంట ఖాళీ, 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి పెరిగినప్పుడు అతని గుండె కూడా జారింది. కానీ అతని నష్టం పత్రికల్లోకి ఎక్కుతుంది, కరెంటు రాయితీ మీద చర్చ జరుగుతుంది. పక్క కయ్యలో తగ్గిన బస్తాలకు మాత్రం ఏ పద్దూ లేదు. నాట్లకు ముఠాగా కదిలే ఆడవాళ్ల పని దినాలకూ లేదు. గుంటకు కావలసింది మేత చల్లేవాడూ కాపలాదారూ, అంతే. కౌలు డబ్బు భూమి యజమానికి చేరుతుంది, అతను చాలాసార్లు ఆ ఊళ్లోనే ఉండడు.

నేనడిగేది చిన్న సంగతి. గుంటకు అనుమతి ఇచ్చే ముందు చుట్టూ ఉన్న సాగుదారుల సంతకాలు తీసుకోవాలి, కౌలు రైతులవి కూడా. తవ్వక ముందు ఒకసారి, ఆ తర్వాత ఏటా ఒకసారి పక్క పొలాల మట్టిని, బోరు నీటిని గుంట యజమాని ఖర్చుతోనే పరీక్షించాలి. కట్ట నుంచి దిగే ఊటను పట్టే కాలువ తవ్వని గుంటకు రాయితీ కరెంటు ఇవ్వకూడదు.

ఇప్పుడు ఆ గుంట యజమాని మా మామ భూమిని కూడా కౌలుకు అడుగుతున్నాడు. వరి రానప్పుడు కౌలన్నా వస్తుంది కదా అని ఇంట్లో అందరూ మొగ్గుతున్నారు. ఒప్పంద పత్రం నాకు వాట్సాప్‌లో పంపి చదవమన్నారు: ఏళ్లు ఉన్నాయి, ఎకరాకు ఇంతని ఉంది, గడువు తీరాక కట్టలు ఎవరు చదును చేయాలో, నేలను ఎవరు బాగుచేయాలో ఎక్కడా లేదు. ఆ రెండూ రాయించమని చెప్పాను. అవతలి మనిషి ఇంకా ఏమీ చెప్పలేదట.